పీలిక కూడా మిగల్లేదు

టేపు మాస్టారు దొంగ కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీకు ఆ అనుమానం గట్టిగానే వస్తుంది. ఆయన దర్జీ. స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప మెడలోంచి టేపు తియ్యడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని టేపు మాస్టారనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

దుకాణం ఆయన సంపాదించింది కాదు, మామగారిది. పెద్దాయన పోతూ పోతూ అల్లుడికి రెండు కుట్టు మిషన్లూ, ఒక కత్తిరింపు బల్లా, ఒక అలవాటూ అప్పజెప్పి పోయారు. కూతుర్ని అంతకు ముందే అప్పజెప్పారు. ఆ అలవాటేమిటంటే, కుట్టగా మిగిలిన గుడ్డ ఎంత చిన్నదైనా సరే, బొటనవేలంత పీలికైనా సరే, చిన్న మూటగా చుట్టి, కుట్టిన బట్టకు గుండుసూదితో గుచ్చి ఇచ్చేయాలి. ఆ మూటల్ని చాలామంది ఇంటికి వెళ్లగానే చెత్తబుట్టలో పడేసేవాళ్లు. అయినా ఆ మూట లేకపోతే ఊరుకునేవాళ్లు కాదు. ఊళ్లో ఎన్ని రెడీమేడ్ షాపులు వచ్చినా ఈ దుకాణం నిలబడిందంటే ఆ మూట వల్లే.

దుకాణంలో ముందు కౌంటరు, దాని వెనక ఒక కర్టెను, కర్టెను వెనక కత్తిరింపు బల్ల. బల్ల దగ్గర మాస్టారు, కౌంటరు దగ్గర ఆయన భార్య. ఆవిడ కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. వయసుతో పనిలేకుండా అందరికీ ఆవిడ అక్కగారే. మాస్టారు చేతిపనిని జనం మెచ్చుకుంటారు గానీ, నమ్మేది మాత్రం అక్కగారి నోటిమాటని. ఆవిడ అబద్ధం చెప్పలేదు. చెప్పబోతే చెవులు ఎర్రబడతాయి.

ఇంత చక్కగా నడుస్తున్న దుకాణంలోకి గాలిపటం ఎక్కణ్ణుంచి వచ్చిపడిందంటే, ఒక పాత దిండు గలీబులోంచి వచ్చింది. ఒక ఆదివారం పని లేక మాస్టారు చిరిగిన గలీబులు రెండు ముక్కలు చేసి, పాత చొక్కా ఒకటి జోడించి, నలుచదరంగా కుట్టి, సన్నటి వెదురు బద్దలు కట్టి, ఊరవతల ఇటుకబట్టీ వెనక ఉన్న బీడులో ఎగరేశాడు. అది లేచింది! ముప్ఫై ఏళ్లుగా ఆయన కుట్టినవన్నీ మనుషుల ఒంటి మీద కూర్చున్నాయి, లేచాయి, నడిచాయి, చెమట పట్టాయి. వాటిలో ఎగిరింది ఇదొక్కటే. మాస్టారికి ఒళ్లు ఝల్లుమంది. ఇంటికి వచ్చి చెబితే అక్కగారు నవ్వి, "బాగుందండీ, ఈ వయసులో" అని కాజాల పనిలో పడిపోయింది.

ఆ 'ఈ వయసులో' అన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే రెండో పటం సంగతి భార్యకు చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే నడకకు వెళ్తున్నానని చెప్పి బయల్దేరేవాడు. తిరిగొచ్చి మెడ పట్టేసిందని మూలిగేవాడు.

"నడిస్తే కాళ్లు నెప్పెట్టాలి గానీ మెడ నెప్పెట్టడమేంటండీ?" అంది ఒకసారి అక్కగారు.

"తల ఎత్తుకుని నడుస్తా కదే" అన్నాడు మాస్టారు.

పాత గలీబులు ఎన్ని ఉంటాయి? నెలలో అయిపోయాయి. అప్పుడే కత్తిరింపు బల్ల మీద మిగులు పీలికలు ఆయన కళ్లకు వేరేగా కనబడటం మొదలుపెట్టాయి. ఆకుపచ్చ లైనింగు ముక్క కనబడితే అది రెక్క కింది ఈక. పసుపుపచ్చ పాప్లిన్ ముక్కయితే అది ముక్కు. జనం చెత్తబుట్టలో పడేసేదాన్ని తాను తీసుకుంటే తప్పేముంది అని తనకు తానే నచ్చజెప్పుకుని, మూటలు చుట్టడం తగ్గించాడు. మూట లేదేమని ఎవరైనా అడిగితే అక్కగారు కర్టెను లోపలికి తొంగిచూసేది. మాస్టారు తల ఎత్తకుండానే, "సరిగ్గా సరిపోయిందే, పీలిక కూడా మిగల్లేదు" అనేవాడు. అక్కగారు బయటికి తిరిగి అదే మాటను, "మా నాన్న మీద ఒట్టండీ, పీలిక కూడా మిగల్లేదు" అని రెట్టింపు చేసి చెప్పేది. చెవులు ఎర్రబడేవి కావు. ఎందుకు ఎర్రబడతాయి? ఆవిడ నమ్మే చెప్పేది.

అక్కడితో ఆగి ఉంటే ఇది కథ కాదు. మిగిలింది తీసుకోవడం ఒక సంగతి, మిగుల్చుకోవడం ఇంకో సంగతి. మాస్టారు ఒకదాన్నుంచి రెండోదానికి ఏ రోజు దాటాడో మనం చెప్పగలం. బడి హెడ్మిస్ట్రెస్ గారు చేపల గుడ్డ తెచ్చిన రోజు.

ముదురు నీలం మీద వెండిరంగు చేపలు. ఒక్కో చేపా జానెడు. గుడ్డ ఎంత సన్నమంటే బల్ల మీద పరిస్తే దానంతట అదే కదిలింది. ఆ మధ్యనే మాస్టారు ఒక పెద్ద కోడిపుంజు పటం మొదలుపెట్టి ఉన్నాడు. రెండు చేతులు బార్లా చాపితే ఎంతో అంత వెడల్పు. పుంజుకు రొమ్ము దగ్గర ఏం పెట్టాలో తోచక పది రోజులుగా అన్నం సయించడం లేదు. ఆవిడ అడిగింది పొడుగు చేతుల గౌను. లెక్కప్రకారం ఒక్క అంగుళం మిగలదు. సుద్దముక్కతో చేతులు గీస్తున్న మాస్టారి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. కాసేపు అలా ఆగి, అక్కడే అడ్డంగా గీత గీసేసింది. ఆయన గీశాడని నేను అనను, ఆయనే అనుకోలేదు కాబట్టి.

గౌను తీసుకోవడానికి వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు చేతులు చూసి, "ఇదేంటి అక్కగారూ, పొడుగు చేతులన్నాను కదా?" అన్నారు.

అక్కగారు లోపలికి చూసింది. "గుడ్డ సరిపోలేదు" అన్నాడు మాస్టారు, నోట్లో గుండుసూదులు ఉన్నాయన్న వంకతో ముక్కుతో.

"మీరే అర మీటరు తక్కువ తెచ్చారు మేడమ్" అంది అక్కగారు.

"షాపువాడు నా ముందే కొలిచి ఇచ్చాడమ్మా!"

"కొలత కర్రలో మోసం ఉందేమో. మా నాన్న కాలం నుంచి ఈ కౌంటరు మీద ఎవరి గుడ్డా తక్కువ కాలేదు మేడమ్" అని అక్కగారు గట్టిగా వాదించింది. ఆవిడ అంత గట్టిగా వాదించడం వీధిలో ఎవరూ చూడలేదు. హెడ్మిస్ట్రెస్ గారు ఒక క్షణం ఆవిడ చెవుల వంక చూశారు. అవి మామూలుగానే ఉన్నాయి. "నువ్వన్నావంటే అంతేలే" అని గౌను తీసుకుని వెళ్లిపోయారు.

కర్టెను వెనక మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. సాయంత్రానికి చెమట ఆరిపోయింది, చేప తలలు పుంజు రొమ్ము మీదికి ఎక్కాయి. ఎంత బాగా కుదిరాయో ఆయనకే తెలుసు.

ఇక అడ్డేముంది? కోటు గుడ్డలూ ప్యాంటు గుడ్డలూ తెచ్చినవాళ్లు అదృష్టవంతులు, బరువు గుడ్డలు గాలిలో నిలవవు కాబట్టి వాళ్ల జోలికి మాస్టారు పోలేదు. సన్న గుడ్డ తెచ్చినవాడి పనే అయింది. మందుల షాపాయన గళ్ల చొక్కా జేబు లేకుండా వచ్చింది. ఆయన అప్పట్నుంచీ పెన్ను చెవిలో పెట్టుకుంటున్నాడు, అప్పుడప్పుడూ జేబు లేదని మరిచిపోయి గుండెల మీద గుచ్చుకుంటున్నాడు. పోస్ట్‌మాస్టరు గారి పసుపు చొక్కాకి కాలరు బదులు పట్టీ వచ్చింది. ఇప్పుడిదే ఫ్యాషనని అక్కగారు సర్దిచెప్పింది. పళ్ల డాక్టరమ్మ ఎర్ర కర్టెన్లు మరీ దారుణం, మోకాళ్ల దాకానే వచ్చాయి. లోపల కుర్చీలో పన్ను పీకించుకునేవాడి కాళ్లు గిలగిల కొట్టుకోవడం బయట వరసలో కూర్చున్నవాళ్లందరికీ కనబడసాగింది. నలుగురైదుగురు ఆ కాళ్లు చూసి పన్ను నెప్పి తగ్గిపోయిందని లేచి వెళ్లిపోయారని చెప్పుకుంటారు.

అలా ఆరు నెలల్లో పుంజు తయారైంది. ఎర్ర కర్టెను తలమీద జుట్టు, పసుపు కాలరు రెక్కలు, చేపల రొమ్ము, గళ్ల జేబు తోక చివర. ప్రతి అతుకూ రెండువైపులా మడిచి నొక్కి కుట్టినదే, వెనక్కి తిప్పినా ఒక్క పోగు బయటికి కనబడదు. కన్ను ఒక్కటే మిగిలింది. కంటికి సరిపడే గుడ్డ దొరక్క అక్కడ తెల్ల లైనింగు బిళ్ల అలాగే వదిలేశాడు. పుంజు గుడ్డిదైనా ఎగిరింది మాత్రం గొప్పగా.

మూడో ఆదివారం గాలి ఎక్కువైంది. మాస్టారు వాడేది కాజా దారం మూడు పేటలు పేనింది. అది ముడి దగ్గర తెగింది. పుంజు ఒకసారి వెనక్కి ఊగి, ఊరివైపు తిరిగి, తీరిగ్గా వెళ్లిపోయింది. మాస్టారు మిగిలిన దారం ఉండ చేత పట్టుకుని ఇటుకబట్టీ దాటి, గట్టు దాటి, రొప్పుతూ పరిగెత్తాడు. ఊరి మొదట్లో ఆగిపోయి చూశాడు. పుంజు బడి మేడ మీద నీళ్ల ట్యాంకుకు తగులుకుని, నిటారుగా, సరిగ్గా వీధివైపు మొహం పెట్టి నిలబడింది.

సోమవారం పొద్దున అక్కగారు దుకాణం తలుపు తీసి, కౌంటరు తుడవడం మానేసి, తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది.

"ఏవండీ! ఒకసారి ఇలా రండి. బడి మీద ఎవరో పుంజును పెట్టారు, ఎంత బాగుందో!"

మాస్టారు కర్టెను వెనకనుంచే, "ఊఁ" అన్నాడు.

"అది గుడ్డతో కుట్టిందండీ! అన్నీ ముక్కలే. ఎంత ఓపికో! చేసినవాడి చెయ్యి ఎంత మంచిదో!"

పాపం మాస్టారి కష్టం పగవాడికి కూడా వద్దు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో భార్య ఆయన కుట్టును ఇలా మెచ్చుకున్నది లేదు. నేనే నేనే అని అరవాలని నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి, "ఎవడో పనిలేనివాడు" అన్నాడు.

"పనిలేనివాడు కాదు, పని తెలిసినవాడు" అంది అక్కగారు.

ఆ రోజంతా మాస్టారు మిషను తొక్కాడు గానీ సూదిలో దారం ఉందో లేదో చూసుకోలేదు. ఇంత దూరం నుంచి అయితే ఫరవాలేదు, అవి ఉత్త రంగులే. దగ్గర్నుంచి చూస్తే మాత్రం ఎవరి ముక్క వాళ్లకు తెలిసిపోతుంది. జనం తనను తిట్టుకుంటారన్న బెంగ ఆయనకు అంతగా లేదు. తండ్రి మీద ఒట్లు పెట్టి మరీ భార్య చెప్పిన మాటలన్నీ అబద్ధాలని, వాటిని ఆవిడ చేత తానే చెప్పించానని ఆవిడకు తెలిసిపోతుంది. ఆ మొహం చూడటం తన వల్ల కాదు. పైగా ఆ వారంలోనే బడి కమిటీ కూర్చుని పిల్లల యూనిఫారాలు ఎవరికివ్వాలో తేల్చబోతోంది. అక్కగారి మాట మీద నమ్మకంతోనే హెడ్మిస్ట్రెస్ గారు ఈ దుకాణం పేరు రాసుకున్నారు.

అప్పుడు మాస్టారికి బావమరిది గుర్తొచ్చాడు. అక్కగారి తమ్ముడు బడిలో కాపలాదారు. చెయ్యెత్తితే గోడ మీది గడియారం అందుతుంది కాబట్టి అతన్ని అందరూ నిచ్చెన అంటారు. మాస్టారు మధ్యాహ్నం టీ తాగొస్తానని చెప్పి బడి గేటు దగ్గరికి వెళ్లాడు.

"బామ్మర్దీ, ఆ ట్యాంకు మీదున్న గాలిపటం చప్పుడు కాకుండా దింపి, చుట్టేసి నాకిచ్చెయ్. మీ అక్కకు చెప్పకు."

"ఎందుకు బావా, నీకేమన్నా కావాలా దాంతో?"

"దర్జీవాణ్ణి కదరా. కుట్టు చూడాలని ఉంది."

"దానికేం భాగ్యం బావా, నువ్వడిగితే కాదంటానా" అన్నాడు నిచ్చెన ఆప్యాయంగా.

ఇక్కడే మాస్టారు పప్పులో కాలేశాడు. అక్కగారి తమ్ముడు అక్కగారి తమ్ముడే. ఆ ఇంటి రక్తంలోనే ఉంది, దొరికిన వస్తువును దొరికిన చోట అప్పజెప్పడం. బడి ఆవరణలో పెన్సిల్ ముక్క దొరికినా హెడ్మిస్ట్రెస్ గారి గదిలో పెట్టి రిజిస్టరులో రాయాలన్నది రూలు. నిచ్చెన ట్యాంకెక్కి, పుంజును చిరగకుండా ఎంతో జాగ్రత్తగా దింపి, నేరుగా ఆవిడ బల్ల మీద పరిచాడు. రిజిస్టరులో 'కోడి ఒకటి' అని రాశాడు. అంతటితో ఆగినా బావుండేది. "మా బావ దీని కుట్టు చూడాలంటున్నాడు మేడమ్, రమ్మననా?" అని అడిగాడు.

"తప్పకుండా రమ్మను. కమిటీవాళ్లు కూడా వస్తున్నారు. అక్కగారిని కూడా తీసుకురమ్మను, యూనిఫారాల సంగతి కూడా మాట్లాడేద్దాం" అన్నారావిడ.

ఆ కబురు దుకాణంలో చెప్పినప్పుడు మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. కడుపులో నెప్పన్నాడు. అక్కగారు వాము నీళ్లు తాగించి తీసుకెళ్లింది.

హెడ్మిస్ట్రెస్ గారి గదిలో పెద్ద బల్ల. బల్ల నిండా పుంజు. చుట్టూ కుర్చీల్లో కమిటీ. కమిటీ అంటే ఎవరనుకున్నారు? చెవిలో పెన్నుతో మందుల షాపాయన, పట్టీ కాలరుతో పోస్ట్‌మాస్టరు గారు, పళ్ల డాక్టరమ్మ. బల్ల వెనక నీలం గౌనులో హెడ్మిస్ట్రెస్ గారు. మాస్టారు గుమ్మంలోనే తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"రండి మాస్టారూ. ఇలాంటి కుట్టు ఈ ఊళ్లో ఎవరు కుడతారు? మీరే చెప్పాలి" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"ఈ ఊరిది కాదేమో మేడమ్" అన్నాడు మాస్టారు నీళ్లు నములుతూ. "గాలికి చాలా దూరం నుంచి వచ్చి ఉంటుంది."

అక్కగారు మాత్రం ఆ మాటలు వినడం లేదు. ఆవిడ బల్ల మీదికి వంగి అతుకులు చూస్తోంది. ఒక అతుకు మీద వేలు పెట్టి నెమ్మదిగా చివరిదాకా జరిపింది. అతుకు చివర ముడి వేయకుండా మూడు కుట్లు వెనక్కి కుట్టి దారం తెంపడం ఆవిడ నాన్న పద్ధతి. ఆయన అది ఇద్దరికే నేర్పాడు. ఇద్దరూ ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నారు.

ఆవిడ వేలు చేప తల మీద ఆగింది. అదే సమయానికి హెడ్మిస్ట్రెస్ గారు టీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపారు. అక్కగారు ఆ చేతి అంచు చూసింది, బల్ల మీద గుడ్డ చూసింది, మళ్లీ చెయ్యి చూసింది. తర్వాత ఒక్కసారి భర్త మొహం వంక చూసింది. మాస్టారు టేపు చివర పట్టుకుని అంగుళాలు చదువుకుంటున్నాడు.

ఆవిడ కావాలంటే నోరు మూసుకోవచ్చు. ఎవరూ కనిపెట్టలేదు. యూనిఫారాల పని చేతికి వచ్చేది, దుకాణం పేరు నిలిచేది. నేనైతే మూసుకునేవాణ్ణి, మీ సంగతి నాకు తెలియదు.

"మేడమ్, మీ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి" అంది అక్కగారు.

చెయ్యి పట్టుకుని పుంజు రొమ్ము మీద ఆనించింది. గౌను అంచున ఉన్న తోకా, పటం మీద ఉన్న తలా కలిసి ఒక చేప అయ్యాయి. మధ్యలో కాస్త పొట్ట మాత్రం మడతల్లో పోయింది.

"మీరు అర మీటరు తక్కువ తెచ్చారని ఆ రోజు మీతో గొడవపడ్డాను. తక్కువ తేలేదు మేడమ్. మా నాన్న పేరు చెప్పి మరీ అబద్ధం చెప్పాను. ఇది మా ఆయన కుట్టే." అప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో ఎర్రబడ్డాయి, అబద్ధంతో కాదు. మాస్టారికి ఆ చెవులు చూశాక భూమి చీలితే బావుండుననిపించింది.

హెడ్మిస్ట్రెస్ గారు తన చేతుల అంచులు రెండూ ఎత్తి చూసుకున్నారు.

"అయితే ఆరు నెలలుగా నేను తల లేని చేపలతో పాఠాలు చెబుతున్నానన్నమాట."

మందుల షాపాయన దిగ్గున లేచాడు. "ఆగండాగండి. ఈ గళ్లు నావి! ఇది నా జేబు!" అని పటం చివర పట్టుకున్నాడు. మాస్టారు చేతులు కట్టుకుని ఏ మాటైనా పడటానికి సిద్ధపడ్డాడు. "ఏమయ్యా మాస్టారూ, నా జేబు తీసుకెళ్లి తోకలో పెడతావా? నేను నీ కంటికి మనిషిలా కనబడలేదా?"

"అది... గళ్లు తోకకే నప్పుతాయండీ" అన్నాడు మాస్టారు.

"మరి ఆయన కాలరు రెక్కల్లో ఎందుకుంది? పోస్టాఫీసు పెద్దదా, మందుల షాపు పెద్దదా?"

పోస్ట్‌మాస్టరు గారు అప్పటిదాకా కోపంగా ఉండాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. రెక్కల మాట వినగానే, "రెక్కకు పసుపు బాగానే ఉందిలే" అని పట్టీ కాలరు సర్దుకున్నారు. పళ్ల డాక్టరమ్మ ఎర్ర జుట్టు మీద చెయ్యి వేసి, "పైన ఉన్నది మాత్రం నాదే" అంది. కర్టెన్ల వల్ల పోయిన పేషెంట్లను ఆవిడ ఆ క్షణాన మరిచిపోయింది. నీ ముక్క ఎక్కడుంది, నా ముక్క ఎంతుంది అని ముగ్గురూ బల్ల చుట్టూ తిరుగుతూ జానలతో కొలుచుకోవడం మొదలుపెట్టారు. ఎవరి గుడ్డ పోయిందన్న సంగతి వెనక్కి పోయి, ఎవరి గుడ్డకు ఎంత గౌరవం దక్కిందన్న తగువు ముందుకొచ్చింది. గుమ్మం దగ్గర నిచ్చెన రిజిస్టరు పట్టుకుని, 'కోడి ఒకటి' కొట్టేసి ఏం రాయాలో తెలియక తల గోక్కుంటున్నాడు.

హెడ్మిస్ట్రెస్ గారు బల్ల మీద స్కేలుతో కొట్టారు. కమిటీ పిల్లల్లా కూర్చుంది.

"ఈ పుంజు బడి హాల్లో ఉంటుంది. ఆదివారాలు మాత్రం ఎగరేసుకోవడానికి ఇస్తాను. యూనిఫారాలు మీ దుకాణానికే ఇస్తాను, ఇప్పుడే ఈవిడ చెప్పిన మాట విన్నాక ఇంకెవరికీ ఇవ్వలేను. కానీ ఒక షరతు. కత్తెర అక్కగారి చేతిలో ఉండాలి. మాస్టారు కౌంటరు దగ్గర కూర్చోవాలి."

దారి పొడుగునా అక్కగారు తిడుతుందని మాస్టారు ఎదురుచూశాడు. తిట్టకపోయేసరికి భయం ఎక్కువైంది. దుకాణం తలుపు తీశాక, కర్టెను పక్కకు లాగేశాక, ఆవిడ బల్ల దగ్గర నిలబడి అడిగింది.

"అందులో నా ముక్క ఏదండీ?"

మాస్టారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రాణం లేచొచ్చింది. ఇదొక్కటైనా ధైర్యంగా చెప్పుకోవచ్చు కదా. "నీ గుడ్డ ముట్టుకుంటానా? నీ పువ్వుల గౌను కుట్టాను, ఊదా గౌను కుట్టాను. నీ దగ్గర ఒక్క అంగుళం తియ్యలేదే. కావాలంటే కొలుచుకో!"

అక్కగారి మొహం ఇంకా చిన్నబోయింది. "ఊరందరి గుడ్డలూ మీ కంటికి ఆనాయి. పళ్ల డాక్టరమ్మ కర్టెన్లు కూడా ఆనాయి. నావి ఆనలేదు."

మాస్టారిది దర్జీవాడి బుర్ర కదా, అతుకు వేయడానికి తొందరపడింది. "వెనక్కి తిప్పి చూడలేదు నువ్వు! దారం కట్టేచోట ఒక బిళ్ల ఉంటుంది. పటం లాగుడంతా దాని మీదే పడుతుంది. అది లేకపోతే పటమే లేదు. ఆ ముక్క నీ పాత గౌనుదేనే!"

"చూశాను. అది పిండి సంచీ గుడ్డ. అచ్చు కూడా సగం కనబడుతోంది" అంది అక్కగారు.

ఆ తర్వాత మాస్టారు ఆ వారమంతా బుద్ధిగా కౌంటరు దగ్గరే కూర్చున్నాడు. గుండీలు కుట్టాడు, వేళ్లు గుచ్చుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ మూటలు అందించాడు. మూటలు మళ్లీ బొద్దుగా తయారయ్యాయి. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు జనం వాటిని తీసుకోవడం లేదు. "ఉంచండి మాస్టారూ, పటానికి పనికొస్తుంది" అని ఇచ్చేస్తున్నారు, ఇస్తూ ఇస్తూ "తోకలో మాత్రం వద్దు" అంటున్నారు. మందుల షాపాయన అయితే కొత్త గుడ్డ మీటరు తెచ్చి, చొక్కా వద్దు, పుంజు మెడ దగ్గర పెట్టమన్నాడు.

మాస్టారి దగ్గర కూడా ఒక గుడ్డ ఉంది. మామగారు చనిపోయిన ఏడాది తాను కొనుక్కున్నది, వెన్న రంగు సన్న సిల్కు. వెలుతురులో పట్టుకుంటే బంగారు పోగు మెరుస్తుంది. చొక్కా కుట్టుకుందామని ఎనిమిదేళ్లుగా బీరువాలో పెట్టి, కత్తెర వేయడానికి మనసొప్పక అలాగే దాచుకున్నాడు. ఎవరెవరి గుడ్డో కోసి పుంజు చేసినప్పుడు కూడా దాని జోలికి పోలేదు. ఆ మాట ఆయనకు ఇప్పటిదాకా తట్టలేదు.

"దాన్ని ఇవ్వండి, నేను కుడతాను" అంది అక్కగారు శుక్రవారం.

కాదనే ధైర్యం ఎక్కడిది? ఇచ్చాడు. కర్టెను వెనక కత్తెర నడుస్తుంటే ఇవతల మాస్టారి గుండె దాంతోపాటు కరకరలాడింది. తొంగిచూడబోతే, "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని వినబడింది.

ఆదివారం పొద్దున చొక్కా తొడుక్కుంటే భుజాలు అచ్చు గుద్దినట్టు కుదిరాయి. కాలరు బావుంది, జేబు బావుంది. కుడి చెయ్యి మణికట్టు దాకా వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. మాస్టారు భార్య వంక చూశాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. ఏదైనా అడగడానికి తనకు హక్కు ఉందా లేదా అని ఆలోచించుకుని, అలాగే బయల్దేరాడు. దారిలో కనబడినవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు.

బడి హాల్లోంచి నిచ్చెన పుంజును తెచ్చి ఇటుకబట్టీ వెనక సిద్ధంగా నిలబడ్డాడు. అక్కగారు చెయ్యి చాపి, "దారం ఇలా ఇవ్వండి" అంది. ఆవిడ ఎప్పుడూ పటం ఎగరేసింది కాదు. అయినా మాస్టారు ఇచ్చేశాడు. గాలి వచ్చింది, నిచ్చెన వదిలాడు, పుంజు ఒక్కసారి తూలి నిలదొక్కుకుని లేచింది. ఎర్ర జుట్టు, పసుపు రెక్కలు, వెండి చేప తలలు. మందుల షాపాయన జేబు తోక చివర ఇంకా అక్కడే ఊగుతోంది.

మాస్టారు తల ఎత్తి చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాడు. పుంజుకు కన్ను వచ్చింది. గుండ్రంగా, వెన్న రంగులో, ఎండ పడ్డప్పుడల్లా బంగారు పోగుతో మెరుస్తోంది. ఇంత కింది నుంచి చూసినా తెలుస్తోంది, ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు. తన కుట్టుకంటే మంచి కుట్టు. ఆ పుంజు ఇప్పుడు ఆయన్నే చూస్తోంది.

ఆయన ఎడమ మోచేతి వంక చూసుకున్నాడు. మళ్లీ ఆకాశం వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, ఈ చెయ్యి..."

అక్కగారు తల తిప్పలేదు. దారం కాస్త వదిలి, కాస్త లాగి, పుంజును ఇంకొంచెం పైకి పంపించింది. ఆవిడ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"గుడ్డ సరిపోలేదండీ. మీరే అర మీటరు తక్కువ తెచ్చారు" అంది.